బెండు తీసిన చోటు

మా ద్వీపాల్లో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఒక్క టికెట్టుతో ప్రయాణానికి సిద్ధపడరు. మెయిన్‌లాండ్‌కి వెళ్ళాలంటే ఓడలో ఒక బెర్తు, ఆ ఓడ రాకపోతే ఎలా అని విమానంలో ఒక సీటు. మాయాబందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దిగాలన్నా బస్సులో ఒకటి, బోటులో ఒకటి. ఏది ముందు కదిలితే అది ఎక్కేస్తాం. రెండోది కేన్సిల్ చేస్తాం, కొందరు అదీ చెయ్యరు. వెనక వెయిటింగ్ లిస్టులో నిలబడ్డవాడి సంగతి ఎవరూ తలచుకోరు. రేపు మనమే ఆ లిస్టులో ఉంటాం, అప్పుడు మన ముందున్నవాడూ ఇలాగే చేస్తాడు. దీన్ని మేం మోసం అనుకోం. తుఫాన్లు చూసినవాళ్ళ తెలివి అనుకుంటాం.

ఉద్యోగం చివరి ఏడాదిలో ఈ తెలివినే ఒక అమ్మాయికి పీహెచ్‌డీ సీటు విషయంలో నేర్పాను. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం పక్కన, లంబాలైన్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగిన ప్రతిసారీ, అందులో ఎన్ని సీట్లు ఖాళీగా వచ్చాయో, ఎవరికి దక్కకుండా ఖాళీగా వచ్చాయో అని ఆలోచన వస్తుంది. అప్లికేషన్లు పంపి, రోజంతా మెయిల్ తెరిచి మూస్తూ కూర్చున్న పిల్లలు మీలో ఉంటారు. ఈ కథ మీ కోసమే. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

నేను పోర్ట్‌బ్లెయిర్ ఎదురొడ్డున బాంబూఫ్లాట్‌లో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కలప మిల్లులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను బాటనీలో ఎమ్మెస్సీ చేసి, ఒక పరిశోధన సంస్థలో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం మాయాబందర్ దగ్గర ఉన్న వాళ్ళ ఫీల్డ్ స్టేషన్‌లో గడిపాను. స్టేషన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మడ అడవి అంచున రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, డింగీ అనే ఒక చిన్న మోటారు పడవ. దాన్ని నడిపే డ్రైవరు కరెన్ కుటుంబం మనిషి. తాతల కాలంలో బర్మా నుంచి వచ్చిన వాళ్ళు. నాతో హిందీలో మాట్లాడేవాడు, తెలుగంతా అర్థమయ్యేది. ఆ సంగతి మరిచిపోయి అతని ముందు చాలా మాట్లాడాను.

పెద్ద భూకంపం వచ్చి, సునామీ వచ్చిన ఏడు నేను అక్కడే ఉన్నాను. దక్షిణాన నేల దిగి సముద్రం పొలాల్లోకి వచ్చింది. మా ఉత్తరాన తిరగబడింది. నేల లేచింది. అప్పటిదాకా నీళ్ళ కింద ఉన్న పగడపు దిబ్బ మొత్తం, కళ్ళెదురుగా, ఎండలోకి వచ్చేసింది. పగడాలు చచ్చిపోయాయి. వారాల తరబడి ఆ వాసన మా స్టేషన్‌ దాకా కొట్టింది. నేనెంతో ఇష్టంగా కొలతలు తీసుకున్న చోటది. ఒకసారి వెళ్ళి చూసి, తట్టుకోలేక వెనక్కి వచ్చి, గోడ మీది మ్యాపులో ఆ ముక్క చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ‘మృత ప్రాంతం’ అని రాశాను. నేను కొలతలు తీసే ప్లాట్లన్నీ ఇంకో క్రీకులోకి, అంటే మడ చెట్ల మధ్య ఉన్న ఇంకో సముద్రపు పాయలోకి మార్చేశాను. ఆ తరవాత అటు డింగీ తిప్పనివ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే ఒకటే మాట, “అక్కడేం లేదు.”

ఆ అమ్మాయి ప్రాజెక్టు అసిస్టెంటుగా వచ్చిన వారంలోనే అడిగింది. అదే జవాబు చెప్పాను.

“ఉంది సార్,” అంది.

ఎదురు చెప్పినట్టు లేదు. టేబుల్ మీద పెన్ను ఉంది సార్ అన్నంత మామూలుగా అంది.

వాళ్ళది ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబం. తండ్రి వేటకి వెళతాడు, తల్లి మాయాబందర్ బజారులో చేపలు అమ్ముతుంది. సునామీనాటికి ఆ పిల్ల ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని చదవడం కూడబలుక్కోవాలి. ఇంగ్లీషు, హిందీ చకచకా చదువుతుంది. నేను డింగీ ఇవ్వకపోతే ఊరుకుందా? సెలవు రోజుల్లో తండ్రి బోటులో ఆ దిబ్బ మీదికి వెళ్ళొచ్చేది. ఫోన్లో ఫొటోలు చూపించేది. నేను కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బావుంది బావుంది అంటూ ఫోను వెనక్కి ఇచ్చేసేవాణ్ణి.

ఆ ఫొటోలతోనే ఆమె పీహెచ్‌డీలకి అప్లై చేసింది.

సముద్రం కిందుగా కేబుల్ వచ్చాక నెట్ బాగుపడిందన్నారు. పోర్ట్‌బ్లెయిర్‌కి బాగుపడింది. మా స్టేషన్‌లో మాత్రం నీళ్ళ ట్యాంకు మెట్ల మీద కూర్చుంటేనే సిగ్నల్. ఇంటర్వ్యూలన్నీ ఆ మెట్ల మీదే అయ్యాయి. వాన వస్తుంటే డ్రైవరు ఆమె నెత్తిన గొడుగు పట్టుకుని, కెమెరాలో పడకుండా ఒక పక్కకి వంగి నిలబడేవాడు. ఒక పెద్ద సంస్థ వాళ్ళు మధ్యలో లైన్ తెగిందని రెండో ప్రశ్న దగ్గరే వదిలేశారు. ఇంకోళ్ళు మర్యాదగా కుదరదన్నారు. చివరికి రెండు మిగిలాయి.

ఒకటి తూర్పు తీరంలో ఒక చిన్న విశ్వవిద్యాలయం. అక్కడి ప్రొఫెసర్ గారు నాకు పాత పరిచయం. ఆయన దగ్గర ఆ ఏడాది ఉన్నది ఒక్కటే సీటు. అదిస్తామన్నారు. పని మా స్టేషన్ నుంచే, ఆ లేచిన దిబ్బ మీదే. రెండోది ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో. అడ్మిషన్ వచ్చింది. కానీ స్కాలర్‌షిప్ సంగతి వేరే కమిటీ తేల్చాలి. అది తేలేది, ప్రొఫెసర్ గారికి జవాబు చెప్పాల్సిన గడువు దాటాక. స్కాలర్‌షిప్ లేకుండా ఆ అడ్మిషన్ అందని కొమ్మే.

ఇదీ చిక్కు. చిన్న సీటు వద్దంటే, పెద్దది రాకపోతే రెండూ పోతాయి. ఔనంటే, పెద్దది వచ్చాక మాట తప్పాలి.

నాకిది చిక్కుగానే కనపడలేదు. “రెండూ ఉంచుకో,” అన్నాను. “ఓడకొకటి, విమానానికొకటి టికెట్లు తీసుకోమా మనం? ఏది కదిలితే అది.”

ఇప్పుడు రాసేటప్పుడు దాచి లాభం లేదు. ఆ సలహాలో సగం నా కోసం. కొద్ది నెలల్లో రిటైరవుతున్నాను. ఆ చిన్న సీటు వస్తే ప్రాజెక్టు మా స్టేషన్‌లో నడుస్తుంది, స్థానిక సలహాదారుగా మీరు ఉండాలి అని ప్రొఫెసర్ గారు ఓ మాటన్నారు. రిటైరయ్యాక కూడా ఆ గది తాళంచెవి నా జేబులో ఉంటుందన్న ఆశ. ఆమె ఆస్ట్రేలియా వెళ్ళకపోతే బాగుండునని ఎప్పుడూ పైకి అనలేదు. లోపల అనుకోలేదని మాత్రం చెప్పలేను.

ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. తల్లి గిన్నెలు తోముతోంది. నా వాదనంతా వినిపించాను.

“సారు సెప్పింది పక్కా గదా,” అన్నాడు తండ్రి. “రెండూ ఒగ్గీకు. ఉంచుకో.”

అమ్మాయి గోడకి చేరగిలబడి ఉంది. “నాన, నువ్వు బెండేసి ఇంటికాడ పడుకుంటావేటి?” అంది.

అతను నవ్వాడు. నాకు అర్థం కాలేదని గమనించి చెప్పాడు. క్రీకు మొగలో వల వేసే చోట్లు తక్కువ. వేకువనే వెళ్ళి ఎవరు ముందు బెండు వదిలితే, అంటే వలకి కట్టే తేలికపాటి తేలుడు ముక్క, ఆ పోటుకి ఆ చోటు వాళ్ళది. ఇంకొకరు అక్కడ వల వెయ్యరు. కానీ మనసు మారిందనుకో, వేరే చోటికి వెళ్ళాలనిపించిందనుకో, పోటు తిరిగేలోపు తనే వెళ్ళి బెండు తీసెయ్యాలి. వెనకవాడు వేసుకుంటాడు.

“తియ్యకపోతే?” అన్నాను.

“ఏటీ అనరు బాబూ. ఒక్క మాటనరు. ఆడి బోటు ఒడ్డుకి లాగడానికి మాత్రం ఎవుడూ సెయ్యి ఎయ్యడు.”

“మరి?” అంది కూతురు.

“అది ఏట. ఇది సదువు. సదువులో బెండ్లుంటాయా? రెండూ ఉంచుకో అమ్మా.”

“ఏటకి ఒక మాట, సదువుకి ఒక మాటా?”

“ఒసే,” అంది తల్లి గిన్నెల దగ్గర్నుంచి, “ఆ రెండోదాని పేరేటి, ఆస్ట్రేలియా. ఆడ చేపలు తింటారా?”

“తింటారమ్మా.”

“మరింకేటి. యాడైనా బతుకుతావు. సారు చెప్పినట్టు చెయ్.”

అందరూ నా వైపే. అయినా ఆమె మొహంలో ఒప్పుదల లేదు. అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. “నా మాట మీద ఔనని పంపు. ఏదైనా అయితే ఆయనతో నేను మాట్లాడతాను,” అన్నాను. పెద్దవాడి మాటని ఆ ఇంట్లో కాదనరని నాకు తెలుసు. మర్నాడు ట్యాంకు మెట్ల మీద కూర్చుని, వస్తున్నానని ప్రొఫెసర్ గారికి మెయిల్ పెట్టింది. పక్కనే నిలబడి చూశాను. బటన్ నొక్కాక చేతులు లంగా మీద తుడుచుకుంది, ఏదో అంటినట్టు.

మూడు నాలుగు రోజులకి, నేను ట్యాంకు మెట్ల మీద ఉండగా ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. చాలా సంతోషంగా ఉన్నారు.

“మీ అమ్మాయి ఔనంది, నాకు పెద్ద బరువు దిగిందండీ. వెయిటింగ్‌లో ఇంకో కుర్రాడున్నాడు. వానల్లేని ఊరు వాళ్ళది, ఇంటర్వ్యూకి వచ్చిన రోజే మొదటిసారి సముద్రం చూశాడట. ఇంటర్వ్యూ అయ్యాక సాయంత్రందాకా బీచిలోనే నిలబడ్డాడని మా వాళ్ళు చెప్పారు. పాపం, సీటు లేదని వాడికి చెప్పేశాను. వచ్చే నెల ఏదో కంపెనీలో చేరతాడట. ఇంక మళ్ళీ ఇటు రాడులెండి.”

“అలాగాండీ,” అన్నాను.

అంతే అన్నాను. ఆ అమ్మాయికి ఇంకో చోట అడ్మిషన్ ఉందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఫోన్ స్పీకర్లో ఉంది. పక్కనే షెడ్డులో ఇంజను విప్పుకుని కూర్చున్న డ్రైవరు తల తిప్పి చూశాడు.

“సాబ్,” అన్నాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఆప్ బోలోగే, యా మై బోలూఁ?”

ఆ అమ్మాయికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అని. నేను కోప్పడ్డాను. నీ పని నువ్వు చూసుకోమన్నాను. అతను మళ్ళీ ఇంజనులోకి తల పెట్టాడు. ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అతను టీ కప్పు నా టేబుల్ మీద పెట్టకుండా కిటికీలో పెట్టి వెళ్ళడం మొదలుపెట్టాడు. చివరికి ఆ కప్పు భరించలేక ఆమెని పిలిచి చెప్పాను. చెప్పడంలో కూడా తెలివి ప్రదర్శించాను. ప్రపంచంలో ప్రతి సీటు వెనకా ఎవడో ఒకడు ఉంటాడమ్మా, అందరి గురించీ మనం ఆలోచించలేం అన్నాను.

ఆమె మొత్తం విని, “ఎల్లుండి నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి సార్. నాతో దిబ్బ మీదికి వస్తారా?” అంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి డింగీ అటు తిరిగింది. డ్రైవరు ఈల వేస్తున్నాడు.

ఆ ఉదయం చూసింది ఎలా రాయాలో ఇప్పటికీ తెలియదు. పోటు తీసేసి, దిబ్బ మొత్తం బయటపడి ఉంది. ఒకప్పుడు నేను ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి మునిగి చూసిన పగడపు బండలు ఇప్పుడు నా మోకాళ్ళ పక్కన బూడిదరంగులో, నిశ్శబ్దంగా, పెద్ద పెద్ద జంతువులు పడుకున్నట్టు ఉన్నాయి. వాటి మీద మెదడు మడతల్లాంటి గీతలు ఇంకా చెరిగిపోలేదు. బండకీ బండకీ మధ్య బురద చేరింది. ఆ బురదలో మడ మొక్కలు. ఒకటి కాదు, పది కాదు. మోకాలెత్తువి, నడుమెత్తువి, కొన్ని నా తల దాటినవి. వేళ్ళు విల్లుల్లా వంచి ఆ చచ్చిన పగడాన్ని చుట్టూ పట్టుకుని నిలబడ్డాయి. గాలి వీస్తే ఆకులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి తెల్లగా మెరిశాయి.

నేను ‘మృత ప్రాంతం’ అని రాసిన చోటిది.

కొంచెం ముందుకి వెళ్ళేసరికి ఒక ఇనపకడ్డీ కనిపించింది. తుప్పు పట్టి సగానికి సన్నబడింది. పైన పసుపు పెయింటు మరక కాస్త మిగిలింది. దాన్ని పాతింది నేనే. నడుము లోతు నీళ్ళలో, అలలకి తూలుతూ, డ్రైవరు బోటులోంచి సుత్తి అందిస్తుంటే పాతాను. ఇప్పుడది పొడి నేల మీద ఉంది. దాని మొదట్లో ఒక మడ మొక్క. ఆ కడ్డీనే ఆనుకుని పెరిగింది.

ఈ దిబ్బని వదిలేశాక నా ఉద్యోగమంతా మడ మొక్కలు కొలవడమే. అయినా ఆ రోజు దాకా వాటిని చూడలేదేమో అనిపించింది.

ఆమె పక్కకొచ్చి, వంగి, బురదలోంచి ఒక గింజని తీసి నా చేతిలో పెట్టింది. ములక్కాడంత పొడుగు, ఆకుపచ్చగా. మీకు తెలుసో లేదో, ఈ చెట్టు గింజలు చెట్టు మీదే మొలకెత్తుతాయి. తల్లికొమ్మకి వేలాడుతూనే ఇంత పొడుగు కాడగా సాగి, అప్పుడు నీళ్ళలో రాలతాయి. నెలల తరబడి అడ్డంగా తేలుతూ కొట్టుకుపోతాయి. నాని నాని బరువెక్కాక, మెల్లగా, వేరు కొస కిందికి దించి నీళ్ళలో నిటారుగా నిలబడతాయి. అలా నిలబడి తేలుతూ నేల తగిలే చోటు కోసం పోతాయి. పాఠంగా ఇది నేను వందసార్లు చెప్పి ఉంటాను.

“ఇవి మన క్రీకువి కావు సార్,” అంది. “మన చెట్ల గింజలు ఇంకా పొట్టి. సముద్రపు కరెంటు తెచ్చింది. ఎక్కణ్ణుంచో తెలీదు. బర్మా నుంచేమో. ఇంకా ఎటో. ఇక్కడ నేల లేచిందని వీటికి ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పరు,” అన్నాను.

“చిన్నప్పుడు నాన భుజాల మీద కూచుని ఇక్కడ నీళ్ళలో రంగులు చూశాను. లీలగా గుర్తు. తరవాత నాన చెయ్యి పట్టుకుని ఇదే చోట చెప్పులేసుకుని నడిచాను. అప్పట్నుంచీ అదే అడుగుతున్నా సార్. ఎవరు చెప్పారు అని.”

“అయితే ఇక్కడే ఉండు. ఈ సీటే తీసుకో,” అన్నాను. నా తాళంచెవి కోసం అనలేదు. ఆ క్షణంలో నిజంగానే అన్నాను. “ఇంతకన్నా గొప్ప చోటు ఎక్కడ దొరుకుతుంది?”

“కళ్ళు మూసుకున్నా ఇది నాకు కనపడుతుంది సార్. అదే భయం. చూడకుండానే చూశాననుకుంటానేమో. నాకు తెలీని తీరం ఒకటి చూడాలి. అప్పుడు ఇక్కడికొస్తే కళ్ళు తెరిచి చూస్తాను.”

చూడకుండానే చూశాననుకోవడం గురించి ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు. ఆ అమ్మాయి మనసులో అలాంటి వంకర లేదు. అయినా తగలాల్సిన చోటే తగిలింది.

ఆమె తన ప్లాట్ల మూలల్లో పాతిన కర్రలకి తండ్రి పాత వలల బెండ్లు కట్టింది, పోటులో మునిగినా కనపడేందుకు. ఒక కర్ర పక్కన నిలబడి ఫోన్ తీసింది. విచిత్రం ఏమిటంటే, ఎదురుగా మాయాబందర్ టవరు నేరుగా కనపడుతుంది గనక, నేను చచ్చిందన్న ఆ దిబ్బ మీద సిగ్నల్ మా ఆఫీసులోకంటే బాగుంది.

“ఆగు,” అన్నాను. “స్కాలర్‌షిప్ తేలేదాకా ఆగు. రాకపోతే ఏమీ ఉండదు నీకు.”

“తెలుసు సార్.”

“ఒక ఏడాది పోతుంది.”

“ఆ అబ్బాయికి వచ్చే నెలతో పోతుంది కదా సార్.”

ప్రొఫెసర్ గారు ఎత్తారు. ఆమె స్పీకర్ నొక్కింది, నేను వినాలని. ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంకో చోట అడ్మిషన్ ఉందని, స్కాలర్‌షిప్ వస్తే అటే వెళ్ళాలనుందని, ఆ సంగతి దాచి ఔనన్నానని, తప్పేనని. నా పేరు ఎత్తలేదు. నేనిచ్చిన సలహా అని ఒక్క ముక్క అనలేదు. నేను చెయ్యి చాచి ఫోన్ అడిగాను. ఇవ్వలేదు.



“ఇది బస్సు సీటు కాదమ్మా,” అన్నారాయన.

“అందుకే ఫోన్ చేశాను సార్.”

“నువ్వు వదిలేశాక నా దగ్గర ఈ ఏడాది నీకింక ఏమీ ఉండదు. తెలుసా?”

“తెలుసు సార్. ఆ అబ్బాయికి ఇవాళే చెబుతారా?”

ఆయన చెబుతానన్నారు. కోపంగానే పెట్టేశారు. అప్పుడు నేను నా ఫోన్ తీసి ఆయనకి చేశాను. సలహా నాదని, మీరు ఫోన్ చేసిన రోజు తెలిసీ నోరు మూసుకున్నానని చెప్పాను. ఆయన విని, “మీరా?” అన్నారు. ఆ రెండక్షరాల తరవాత ఆయన నాతో మునుపటిలా మాట్లాడలేదు. సలహాదారు మాట మళ్ళీ రాలేదు. నేనూ అడగలేదు.

డింగీ ఒడ్డు చేరాక డ్రైవరు నాకు చెయ్యి అందించి దింపాడు. మధ్యాహ్నం టీ కప్పు టేబుల్ మీదికొచ్చింది.

ఆ తరవాతి ఎదురుచూపు ఆ కుటుంబం ఎలా చూసిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వానలు మొదలయ్యాయి. ఏమైంది, వచ్చిందా అని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. పొరపాటున నేనడిగితే తండ్రి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

“బోటు బయటుండగా ఒడ్డునున్నోళ్ళు చేపలెన్ని అని అడగరు బాబూ. ఒచ్చినాక సూద్దాం.”

“రాకపోతే?”

“బోటొస్తాది గదా.”

ఆ మాట అంటూ వల సర్దుకుంటున్నాడు. కూతురు చేసిన పని తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. రెండూ ఉంచుకో అన్నది తనేనని గుర్తున్నట్టు కూడా లేదు. కానీ ఆ వారం క్రీకు మొగలో అతని బోటు ఒడ్డుకి లాగడానికి చుట్టుపక్కల వాళ్ళు మామూలుకంటే ఎక్కువమంది వచ్చారని డ్రైవరు చెప్పాడు. ఆ కథ అప్పటికే ఊరంతా తిరిగింది. తిప్పింది ఎవరో నేనడగలేదు.

జవాబు ఒక మామూలు ఉదయం వచ్చింది. ఆమె బురదలో ఉంది కనక సాయంత్రం దాకా చూడలేదు. ట్యాంకు మెట్ల మీద కూర్చుని చదివింది. రెండోసారి చదివింది. లేచి, కాళ్ళు కడుక్కుని, నా గదిలోకొచ్చి, “ఇచ్చారు సార్, పూర్తిగా,” అంది. తరవాత అమ్మకి చెప్పడానికి బజారుకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, ఆ మొహం చూడాలని.

తల్లి ఎవరికో చేప తూస్తోంది.

“అమ్మా.”

“తూకంలో ఉన్నాను. ఆగు.”

తూచింది. శుభ్రం చేసింది. సంచిలో వేసి ఇచ్చింది. చెయ్యి కడుక్కుంది. “ఇప్పుడు చెప్పు.”

చెప్పింది. తల్లి కాసేపు కూతుర్నే చూసింది. పక్క దుకాణం బెంగాలీ ఆవిడ “క్యా హువా దీదీ?” అనడిగితే, “కుఛ్ నహీ, బోటొచ్చింది,” అంది. అని, మొహం తిప్పుకుని, బుట్టలో మిగిలిన చేపల మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టింది. చల్లుతూనే ఉంది.

వెళ్ళే ముందు ఆ అమ్మాయి ఇంకోసారి దిబ్బ మీదికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. తన కర్రలన్నీ పీకేసింది. బెండ్లు విప్పి, కడిగి, గోనెసంచిలో వేసింది. అంత కష్టపడి గుర్తులు పెట్టుకున్న చోటది. ఉంచెయ్, వచ్చేవాడికి పనికొస్తాయి అన్నాను.

“అవి నా చోట్లు సార్. అతనివి అతను చూసుకోవాలి కదా.”

ఆ సంచి స్టేషన్ షెడ్డులో వేలాడదీసి వెళ్ళిపోయింది. ఆ తరవాత కొద్ది రోజులకి నేనూ రిటైరై తాళంచెవి ఇచ్చేశాను.

ఆ కుర్రాడు చలికాలంలో వచ్చాడు. కంపెనీలో చేరడానికి ముందు రోజుల్లో ప్రొఫెసర్ గారి కబురు అందిందట. దారి చూపడానికి ఎవరూ లేరని కొత్త ఇన్‌చార్జి ఫోన్ చేస్తే లంబాలైన్ నుంచి బస్సెక్కి వెళ్ళాను. నన్ను ఎవరూ సలహాదారుగా పిలవలేదు. అదే డ్రైవరు, అదే డింగీ. కుర్రాడు బోటు అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఎండకి కాదు, నీళ్ళకి కళ్ళు చిట్లిస్తున్నాడు. ఒడిలో షెడ్డులోంచి తీసుకున్న ఆ బెండ్ల గోనెసంచి.

“సార్, ఆ అక్క ఎందుకు వదిలేసిందో ప్రొఫెసర్ గారు చెప్పలేదు. మీకేమైనా తెలుసా?” అన్నాడు దారిలో.

డ్రైవరు నా వైపు చూశాడు. ఈసారి అతను అడిగేలోపే చెప్పేశాను. ఓడ టికెట్లతో మొదలుపెట్టి, నా ఫోన్ దాకా, కిటికీలో టీ కప్పు దాకా. కుర్రాడు సంచిని కొంచెం దగ్గరికి లాక్కున్నాడు. ఈ కథ రాస్తున్నానని ఆ అమ్మాయికి చెబితే, తెలుగు చదవడం నాకు లేటవుతుంది సార్, మీ గొంతుతో చదివి పంపండి అంది. పంపుతాను.

దిబ్బ మీద దిగాక ఆ కుర్రాడు చాలాసేపు కదల్లేదు. ఆ నిలబడడం చూస్తే, బీచిలో సాయంత్రందాకా నిలబడ్డాడని ప్రొఫెసర్ గారన్న మాట గుర్తొచ్చింది. తరవాత సంచి నా చేతికిచ్చి నడవడం మొదలుపెట్టాడు, నేను వెనకాలే. ఆమె ప్లాట్లున్న మడ మొక్కల వైపు వెళతాడనుకున్నాను. వెళ్ళలేదు. వాటిని దాటి, అవతల అంచుకి, ఆకుపచ్చ అన్నది లేని బోడి బండల దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక బండ పగులులోకి తొంగి చూశాడు. చూస్తూ చెయ్యి వెనక్కి చాచాడు, బెండు అందించమని.

అక్కడేం లేదు అని నాలుక చివరిదాకా వచ్చింది.

సంచిలోంచి ఒక బెండు తీసి అతని చేతిలో పెట్టాను.